గీత ఎక్కడుందో చూశారా?

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు విద్యార్థులు కొందరు అంతర్జాతీయ సంబంధాల మీద ఒక పత్రిక మొదలుపెడదామని పెట్టుకున్న మీటింగులో, చదువుకునే రోజుల్లో అలాంటి పత్రికే నడిపిన ఒక అక్క మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఫ్యాను ఆపితే బాగా వినపడుతుంది గానీ ఈ ఉక్కకి ఎవరూ కూర్చోరు, ఉండనీండి, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినప్పుడు ఫోన్లో ఏమన్నారంటే, "అక్కా, ఇంటర్నేషనల్ రిలేషన్స్ మీద మ్యాగజైన్ పెడుతున్నాం, వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నారు. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. చేసిన తప్పులున్నాయి, అవి చెబుతాను, వాటిల్లోంచి మీకేం కావాలో మీరే ఏరుకోండి. మొదటి సంచిక ప్లాను కూడా వాట్సాప్‌లో పంపారు, చూశాను. రష్యా-ఉక్రెయిన్ ఒకటి, చైనా ఒకటి, అమెరికా సుంకాలు ఒకటి, గాజా ఒకటి, భద్రతామండలి సంస్కరణలు ఒకటి, ఇలా ఎనిమిది వ్యాసాలు. మంచివే. కానీ ఒక్క మాట అడుగుతాను, ఆ ఎనిమిదింటిలో ఒక్కటైనా బరంపురంలో కూర్చున్నవాళ్లు రాసినట్టు ఉందా? భోపాల్‌లో కూర్చుని రాయొచ్చు, గౌహతిలో కూర్చుని రాయొచ్చు, టీవీ ఉంటే చాలు. కోపం తెచ్చుకోకండి. మా మొదటి సంచిక ఇంతకంటే ఘోరం.

ఆ ఘోరం ఏమిటో చెబుతాను. యూనివర్సిటీ పేరు వద్దు, అక్కడ ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వేవాళ్లున్నారు. ఎం.ఏ. మొదటి సంవత్సరం, ఏడుగురం. తలా కొంత వేసుకుని 300 కాపీలు వేయించాం. కవరు మీద ఏముండాలి? అంతర్జాతీయం కదా, ప్రపంచ పటం ఉండాలి. మాలో ఒకడు నెట్‌లోంచి ఒక మ్యాపు దింపాడు, రంగులు బాగున్నాయి, ప్రెస్సుకి పంపేశాం. సాయంత్రానికి కట్టలు తయారు. ఆటోలో వేసుకుని హాస్టలుకి తెచ్చుకున్నాం, ఆ ఇంకు వాసనకే సగం కడుపు నిండిపోయింది. కట్ట విప్పి ఒక కాపీ తీసి చూసిన సీనియర్ ఒకావిడ ఒకే మాట అంది, "కాశ్మీర్ ఏదర్రా?" అని.

చూస్తే ఏముంది, కాశ్మీర్ చుట్టూ చుక్కల గీత, సగం ఇంకో రంగు. విదేశాలవాళ్లు గీసిన మ్యాపు, వాళ్లు అలాగే వేసుకుంటారు. మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా పటానికి తేడాగా దేశపటం అచ్చువేస్తే 1961 నాటి చట్టం ఒకటుంది, ఆరు నెలల దాకా జైలు. అది మాకు ఆ రాత్రి ఆవిడ చెబితేనే తెలిసింది. ఇంక టెన్షన్ చూడండి! మళ్లీ అచ్చు వేయించడానికి డబ్బుల్లేవు. నల్ల చార్టు పేపరు కొనుక్కొచ్చి, ముక్కలు కోసి, మ్యాపు మీద అంటించడం మొదలుపెట్టాం. రెండు గమ్ సీసాలు వంద కాపీలకే అయిపోయాయి, కొట్లు మూసేశారు. మెస్సులోంచి అన్నం మెతుకులు తెచ్చి నలిపి అంటించాం. తెల్లారేసరికి 300 కవర్ల మీద ప్రపంచమే లేదు, నల్ల ముక్క ఉంది. వారం తర్వాత లైబ్రరీలో పెట్టిన కాపీలకి చీమలు పట్టాయి.

నవ్వండి, పర్లేదు. మేమూ నవ్వుకున్నాం, కానీ అప్పుడు మాకు భయం తప్ప ఆలోచన రాలేదు. ఆ చుక్కల గీత ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అది వ్యాసం కాదా? కాదనుకున్నాం. నల్ల ముక్క అంటించి పని అయిపోయిందనుకున్నాం.

ఆలోచన రెండో సంచికకి వచ్చింది, అదీ మా అంతట మాకు రాలేదు. మీలో ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లెంతమంది? ఆఁ, ఉన్నారు. మీకు తెలుసు, మన తీరం వాళ్లు వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు, ఏడాదిలో ఏడెనిమిది నెలలు అక్కడే, అక్కడి సేఠ్‌ల బోట్ల మీద. 2018 చివర్లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు, 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. వాళ్లు ఇంకా జైల్లో ఉండగానే దీని మీద నేను వ్యాసం రాశాను. మొదటి వాక్యం నాకింకా గుర్తుంది: "పొట్టకూటి కోసం వెళ్లిన మన మత్స్యకారులు పొరపాటున సరిహద్దు దాటి పాకిస్తాన్ జలాల్లోకి ప్రవేశించారు." బాగుంది కదూ? పేపర్లో ఉన్నట్టే ఉంది కదూ? పేపర్లోంచే తీశాను మరి.

మా క్లాసులో ఒకబ్బాయిది ఆ తీరం ఊరే. సెలవులకి వెళ్తూ ఒక కాపీ పట్టుకెళ్లాడు. వాళ్ల పిన్ని భర్త కూడా వెరావల్ వెళ్లే మనిషే. ఆయన పట్టుబడ్డవాళ్లలో లేడు, అదృష్టం. పిన్నికి చదువు రాదు, వీడే చదివి వినిపించాడు. ఆవిడ వల బాగుచేసుకుంటూ వింటోందట. మొదటి వాక్యం అయ్యేసరికి చెయ్యి ఆపి అడిగిందట, "దాటేసినారని ఎవులు సెప్పినారు? గీత ఎక్కడున్నాదో ఆ పిల్ల సూసినాదేటి?"

వాడు తిరిగొచ్చి ఆ మాట నాకు అలాగే చెప్పాడు. నాకు కోపమొచ్చింది, నిజం చెప్పాలి కదా. చదువుకున్నదాన్ని నేను, ఎం.ఏ. చేస్తున్నాను, ఆవిడెవరు నన్ను అడగడానికి? రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు లైబ్రరీకి వెళ్లాను, ఆవిడకి జవాబు చెప్పాలని. గీత ఎక్కడుందో వెతుకుదామని.

వెతికితే తేలిందేమిటంటే, ఆ గీత లేదు. అవునండీ, లేదు. గుజరాత్‌కీ పాకిస్తాన్‌లోని సింధ్‌కీ మధ్య చిత్తడి నేలలో సర్ క్రీక్ అని ఒక పాయ ఉంది, సుమారు 96 కిలోమీటర్లు. సరిహద్దు పాయ మధ్యలోంచి పోవాలని మనం, తూర్పు ఒడ్డు మీదుగా పోవాలని పాకిస్తాన్. 1914 నాటి కాగితం ఒకటి పట్టుకుని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. నేల మీద సరిహద్దు ఎక్కడ ముగిసిందో తేలితే కదా అక్కడి నుంచి సముద్రంలోకి గీత లాగడానికి? అది తేలలేదు, ఇది లాగలేదు. అంటే రెండు దేశాలూ ఒప్పుకుని సంతకం పెట్టిన సముద్ర సరిహద్దు అక్కడ లేదు. ఎవరి లెక్క వాళ్లది. మన వాళ్లు దాటారా అంటే, దేన్ని దాటారు?

అక్కడితో ఆగలేదు. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ఉంది కదా, ఐక్యరాజ్యసమితిది, అందులో 73వ అధికరణం తీసి చదవండి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే చేపల మీద ఆ తీర దేశానికే హక్కుండే సముద్రంలో, చేపల చట్టాలు ఉల్లంఘించినవాళ్లకి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వెయ్యకూడదు. ఇండియా 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి. తీరానికి దగ్గరగా ఉండే ప్రాదేశిక జలాల సంగతి వేరు, అందుకే ఎక్కడ పట్టుకున్నారన్నదే అసలు ప్రశ్న. ఇంకోటి, 2008లో రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి, ప్రతి జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశంవాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఎంత గొడవలు పడుతున్నా ఆ జాబితాలు చేతులు మారుతూనే ఉన్నాయి. అవతలి జైళ్లలో ఉన్న మనవాళ్లలో ఎక్కువమంది మత్స్యకారులే. మన సంక్రాంతికి రెండు వారాల ముందు ప్రతి ఏడూ వచ్చే కాగితం అది. మన జిల్లాల వాళ్ల పేర్లున్న కాగితం. మేము ఒక్కసారైనా చూశామా? లేదు. భద్రతామండలిలో వీటో మీద మాత్రం నాలుగు పేజీలు వేశాం.

మూడో సంచికలో సవరణ వేశాం. "పోయిన సంచికలో 'సరిహద్దు దాటి' అని రాశాం, అలా రాయడానికి మా దగ్గర ఆధారం లేదు, ఎందుకో చదవండి" అని మొదలుపెట్టి మొత్తం రాశాం. మా సారు ఒకాయన వద్దన్నారు, పత్రిక పరువు పోతుందన్నారు. వేశాం. మా పత్రికలో జనం దాచుకున్న పేజీ ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇప్పుడు మీరు అనొచ్చు, విద్యార్థులు నడిపే పత్రికని ఎవరు పట్టించుకుంటారు అక్కా అని. పట్టించుకుంటారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 'మిలీనియం' అని ఉంది, 1971 నుంచి విద్యార్థులే సంపాదకులు, ఈ సబ్జెక్టులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అందులో అచ్చు కావడానికి క్యూ కడతారు. కొలంబియా యూనివర్సిటీ పత్రిక 1947 నుంచి ఉంది, హార్వర్డ్ వాళ్లది 1979 నుంచి. సరే, అవి పెద్ద ఊళ్లు, పెద్ద డబ్బు అంటారా? అయితే ఇంకోటి చెబుతాను. ప్రపంచంలో అంతర్జాతీయ రాజకీయాలకి మొట్టమొదటి ప్రొఫెసర్ పోస్టు ఎక్కడ పెట్టారో తెలుసా? ఎవరైనా చెప్పండి. లండన్? కాదు. న్యూయార్క్? కాదు. అబరిస్ట్విత్. వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు, మన గోపాల్‌పూర్ లాంటిదనుకోండి. 1919. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి కాలేజీ పిల్లలు చాలామంది చచ్చిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా డేవిడ్ డేవీస్ అనే ఆయన, ఆయన చెల్లెళ్లూ డబ్బిచ్చి పెట్టించారు. ఈ యుద్ధాలు ఎందుకు వస్తున్నాయో కూర్చుని చదవండర్రా అని. ఆ ఊరి పిల్లలు ఎందుకు చచ్చిపోయారన్న ప్రశ్నతో ఈ సబ్జెక్టుకి కుర్చీ వేశారు, అంతే. ఢిల్లీ నుంచి వస్తేనే అది అంతర్జాతీయం అని మనకెవరు చెప్పారో నాకు తెలీదు.

గోపాల్‌పూర్ అన్నాను కదా. ఇక్కడికి పదిహేను పదహారు కిలోమీటర్లు. ఆదివారం వెళ్లి పల్లీలు తిని, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఒకప్పుడు అక్కడి నుంచి రంగూన్‌కి స్టీమర్లు వెళ్లేవి. మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద ఒక టేకు పెట్టె ఉంది, 'రంగం పెట్టె' అంటారు. చిన్నప్పుడు నాటకాల రంగం అనుకునేదాన్ని. రంగం అంటే రంగూన్. మూత తీస్తే ఇప్పటికీ కర్పూరం వాసన వస్తుంది, మూత లోపలి వైపు బర్మా లిపిలో ఏదో గుండ్రంగుండ్రంగా రాసి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మన వాళ్లని కోరంగీలు అనేవాళ్లు. 1930 మేలో రంగూన్ రేవులో మన కూలీలు సమ్మె చేస్తే, షిప్పుల కంట్రాక్టర్లు బర్మా వాళ్లని పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలిపోగానే వాళ్లని తీసేసి మళ్లీ మన వాళ్లని తీసుకున్నారు. ఇంక ఊరంతా కొట్లాట, చాలామంది చనిపోయారు, ఎక్కువమంది మన వాళ్లే. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు, నిన్నటిదాకా ఒకే సర్కారు కింద ఉన్న ఊరు రాత్రికి రాత్రి పరదేశం. 1942లో జపాన్ వాళ్లొస్తే లక్షలమంది కొండలెక్కి నడిచొచ్చారు. 1964లో అక్కడ కొట్లు జాతీయం చేస్తే మిగిలినవాళ్లలోనూ చాలామంది వచ్చేశారు. విశాఖపట్నంలో కంచరపాలెం వెళ్తే బర్మా క్యాంపు అని బస్సు కండక్టర్ కేకేస్తాడు, ఎందుకా పేరని ఎప్పుడైనా అడిగారా? ఇప్పుడు పరదేశీ కూలీల మీద ప్రపంచమంతా జరుగుతున్న గొడవ రాయాలంటే మీరు ట్రంప్ దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. మీ అమ్మమ్మని అడగండి, ముందు అటక ఎక్కండి.

అసలు మనమే గీత పక్కన పుట్టినవాళ్లం. 1936 మార్చి 31 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మర్నాటి నుంచి ఒడిశా. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది, కొంత ఇటు, కొంత అటు. కొరాపుట్ వైపు కొఠియా ఊళ్లు ఒడిశావా ఆంధ్రవా అన్న గొడవ ఇప్పటికీ ఉంది, ఓటరు కార్డులు ఇటూ ఇస్తారు, అటూ ఇస్తారు. ఇది దేశాల మధ్య సరిహద్దు కాదు, నిజమే. కానీ గీత పక్కన బతుకు ఎలా ఉంటుందో మీకు తెలిసినంత భోపాల్ వాడికి తెలీదు.

ఇంకోటి చెప్పి ఊరుకుంటాను ఈ సంగతి. చలికాలం రాగానే బరంపురంలో స్వెట్టర్లమ్మే టిబెటన్లు కనిపిస్తారు కదా. వాళ్లలో చాలామంది ఎక్కడో హిమాలయాల నుంచి దిగినవాళ్లు కారు, మన గజపతి జిల్లా చంద్రగిరి నుంచి వచ్చినవాళ్లు. 1963 నుంచి అక్కడ వాళ్ల శిబిరాలున్నాయి, మొక్కజొన్న వేసుకుంటారు, 2010లో పెద్ద బౌద్ధారామం కూడా దలైలామా వచ్చి ప్రారంభించారు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, మన కంటే మంచి ఒడియా మాట్లాడేవాళ్లలో కూడా చాలామందికి విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం ఉంటుంది, గడువు తీరకముందే మార్చుకోవాలి. బయటి దేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట పుస్తకం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలేదు, కాబట్టి వీళ్లు చట్టం ప్రకారం శరణార్థులు కాదు, విదేశీయులు. మీరు బేరమాడి యాభై రూపాయలు తగ్గించుకున్న స్వెట్టర్ వెనకాల ఇంత ఉంది. చైనా మీద రాస్తామన్న అబ్బాయెవరు? నువ్వేనా తమ్ముడూ? చంద్రగిరి బస్సెక్కు. కానీ ఒకటి, వెళ్లగానే "మీ బాధలు చెప్పండి" అని ఫోను మొహం మీద పెట్టకు. రెండుసార్లు ఊరికే వెళ్లి టీ తాగి రా. మూడోసారి అడుగు.

భాష గురించి అడిగారు, ఏ భాషలో పెట్టాలని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షల్లో ఇంగ్లీషు, ఇదీ మన బతుకు. మీలో సగంమందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం కష్టం. తప్పు మీది కాదు. మా పత్రికలో ఒకసారి ఒడియా విభాగం వేశాం, "భారతర బైదేశిక నీతి" అని హెడ్డింగు. కొత్తగా చేరిన తెలుగమ్మాయి చూసి, "విదేశాల్లో మనవాళ్ల నీతి గురించా అక్కా?" అంది. ఒడియాలో నీతి అంటే విధానం, తెలుగులో నీతి అంటే నీతే. మరి విదేశాంగ విధానంలో నీతి ఉండాలా వద్దా అని అక్కడి నుంచి రాత్రి పన్నెండు దాకా వాదన! నా సలహా అడిగితే మూడు భాషల్లోనూ వెయ్యండి, కానీ ఇంగ్లీషులో రాసి తెలుగులోకి దింపకండి. చేపల వేట మీద వ్యాసం తెలుగులోనే పుట్టాలి, లేకపోతే ఆ పిన్నికి చదివి వినిపించలేరు. వినిపిస్తేనే కదా ఆవిడ అడిగేది.

ఇప్పుడు పని సంగతులు, గబగబా చెప్పేస్తాను, బస్సుల టైమవుతోంది.

అన్నిటికంటే కష్టం ఫ్రెండు వ్యాసం తిప్పి పంపడం. పంపాల్సిందే. ఇప్పుడైతే చాట్‌జీపీటీ చేత రాయించి పంపేస్తారు, చదవడానికి నున్నగా ఉంటుంది. దానికి నేనొక్క ప్రశ్న అడుగుతాను, "ఇది రాయడానికి ఎవర్ని కలిశావు, ఏ కాగితం చూశావు?" అని. జవాబు లేకపోతే వ్యాసం లేదు. రెండోది, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు, అంటే పత్రికలకిచ్చే గుర్తింపు నంబరు. తెచ్చుకోవడం మంచిదే, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. కానీ ఆ నంబరు రాగానే లెక్చరర్లు ప్రమోషన్ల కోసం పేపర్లు పట్టుకుని వరస కడతారు, ముందు వరసలో కూర్చున్న మాస్టార్లు ఏమీ అనుకోకండి, మిమ్మల్ని కాదు. మా దగ్గర నాలుగో సంచికలో పన్నెండు వ్యాసాలుంటే తొమ్మిది లెక్చరర్లవి. అది విద్యార్థుల పత్రికేనా? మొహమాటపడ్డాం, పోగొట్టుకున్నాం.

అసలు పోయింది మాత్రం దానివల్ల కాదు. మా పత్రిక ఎలా ఆగిపోయిందో తెలుసా? డబ్బుల్లేక కాదు, ఎవరో ఆపేసీ కాదు. ఈమెయిలు పాస్‌వర్డు ఒకడి దగ్గరే ఉండేది. వాడికి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది, ఫోను మార్చాడు, పాత నంబరు పోయింది, ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పాత సంచికల ఫైళ్లు, రాసినవాళ్ల అడ్రసులు, ప్రెస్సు లెక్కలు, అన్నీ అందులోనే. కొత్త బ్యాచి పిల్లలు రెండు నెలలు తంటాలు పడి వదిలేశారు. వాణ్ణి ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే తిడుతూనే ఉంటాను. మీరు ఎం.ఏ. రెండేళ్లే ఉంటారు, అందులో మొదటి ఏడు నేర్చుకోవడం, రెండో ఏడు ప్లేస్‌మెంట్లు. అందుకని ఫస్టియర్ వాళ్లని మొదటి సంచిక నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి, టీలు తెప్పించడానికి కాదు, దిద్దడానికి. పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉండాలి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి సంచికలో దొర్లిన తప్పు, దాన్ని పట్టుకున్న మనిషి, తేదీ రాసుకోండి. మాది ఇదిగో, తెచ్చాను, అట్ట ఊడింది, జాగ్రత్తగా తిప్పండి. రెండో పేజీలో చీమల సంగతి ఉంటుంది.

మొదటి సంచికకి ఎనిమిది వ్యాసాలూ తీసెయ్యమని నేననను. నాలుగు ఉంచుకోండి. మిగతా నాలుగూ బస్సు టిక్కెట్టు కొనాల్సినవి అయ్యుండాలి. వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుంటామని చెప్పారు, నేనూ వస్తాను. ఒక్కొక్కళ్లూ ఒక్కో ప్రశ్న కాగితం మీద రాసుకుని రండి, ఎవర్ని అడగబోతున్నారో కూడా రాయండి. ఇచ్ఛాపురం వాళ్లు లేవండి, ఆలస్యమైతే మళ్లీ గంట దాకా బస్సు లేదు.